రాజధాని బల్ల, మూడు వేల అడ్వాన్సు

మూడు వేలు పెద్ద మొత్తమేం కాదంటాడు మా ఆయన. పోయింది నా డబ్బు కాబట్టి అంటాడు.

అనంతపురంలో మా ఇంటి మీద పోయినేడు ఒక గది వేశాం. అందులో పాతకాలపు రాత బల్ల పెట్టుకోవాలని నా కోరిక. బడిలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి, ఊగే ఇనప టేబుల్ మీద పేపర్లు దిద్దినదాన్ని. రిటైరయ్యాకైనా మోచేతి కింద టేకు చెక్క ఉండాలనిపించింది. "ప్లాస్టిక్ టేబుల్ 900కి వస్తుంది, పైన గుడ్డ కప్పుకో" అన్నాడు ఆయన. అంటూనే బయల్దేరాడు. కారు నడిపింది మా తమ్ముడి కొడుకు. వాడు వచ్చింది కర్నూల్లో బిర్యానీ తిందామని.

గుత్తిలో ఉగ్గాని, బజ్జి ముగ్గురికీ కలిపి 150. రోడ్డు బాగుంది. మధ్యాహ్నం కొండారెడ్డి బురుజు దగ్గర ఒక ఫొటో. అంతవరకూ చెప్పుకోవడానికి ఏమీ లేదు.

పాత సామాన్ల అంగడికి చేరేసరికి చీకటి పడింది. లోపల ఒకటే బల్బు. యజమాని ముందు బల్ల చూపించలేదు, కథ మొదలుపెట్టాడు. "మేడం, కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు సెక్రటేరియట్‌లో వాడిన బల్ల ఇది. ఎంతమంది మంత్రులు సంతకాలు పెట్టినారో దీని మీద." 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలే రాజధాని. 1956 నవంబరులో హైదరాబాదుకు మారేదాకా అంతే. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచిన మాటా నిజమే. ఈ పాఠం నేనే ఎన్నిసార్లు చెప్పానో! మిగతా అన్నిటికీ బేరమాడే దాన్ని, సరిగ్గా నా సబ్జెక్టు దగ్గరే పడిపోయాను. గుడారంలో, లాంతరు పక్కన ఆ బల్ల నాకు కళ్లకు కట్టింది. పైన సిరా మరకలు కూడా ఉన్నాయి మరి. 38,000 చెప్పాడు, 26,000కి దిగాడు. 3,000 చేతిలో పెట్టి, పొద్దున వచ్చి తీసుకుపోతామని చెప్పాం. "పగలు ఒకసారి చూసి ఇవ్వరాదూ" అని మా ఆయన అననే అన్నాడు. నేను వినలేదు. ఇప్పటికీ రోజుకు ఒకసారైనా గుర్తుచేస్తాడు.

ఆ రాత్రి లాడ్జి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏసీ గది 1,800, మూడో మనిషికి పరుపు 400, ఏసీ రిమోటుకు డిపాజిట్ 500. రిమోటుకు డిపాజిట్ ఏంటని అడిగితే, "ఎత్తుకుపోతారు మేడం" అన్నాడు కౌంటర్లో పిల్లాడు, మా ముగ్గురి మొహాలూ చూస్తూ. తీరా పైకి పోతే రిమోట్లో బ్యాటరీలు లేవు. మేనల్లుడు కిందికి దిగి 40 పెట్టి కొనుక్కొచ్చాడు. ఏసీ నడిచింది, మా ఆయన తల మీద బొట్టుబొట్టుగా నీళ్లు కారుస్తూ. కిందికి ఫోన్ చేస్తే, "ఫుల్ కూలింగ్ సార్, అందుకే" అని జవాబు. మంచం జరుపుదామంటే అది గోడకు బిగించి ఉంది. రాత్రంతా ఆయన బకెట్టును కౌగిలించుకున్నట్టు పడుకున్నాడు. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకే, ఆ గంటలో లాడ్జి మొత్తం స్నానం చేయాలి. ఖాళీ చేసేటప్పుడు రిమోటు వెనక మూత లేదని డిపాజిట్లో 100 పట్టుకున్నారు. ఆ మూత మేం వచ్చినప్పుడే లేదు. గదిలో ఏసీ వేయించి, పది నిమిషాలు కూర్చుని చూశాకే డబ్బు కట్టండి. మొహమాటపడితే బకెట్టుతో పడుకోవాలి.

ఆ మంట మీదే తొమ్మిదిన్నరకు అంగడికి పోయాం. ఎండలో బల్ల వేరే రంగులో ఉంది. సొరుగు లాగబోతే యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు, "పాతది మేడం, మెల్లగా" అంటూ. అల్లుడు సొరుగు మొత్తం బయటికి లాగి తిరగేశాడు. అడుగున ప్లైవుడ్, దాని మీద నీలిరంగు ముద్ర, ముద్రలో పది అంకెల సెల్ నంబరు. మంత్రిగారి గుడారంలో సెల్‌ఫోన్ ఉండేది కాబోలు! వెనక పలకకేమో ప్లస్ గుర్తు స్క్రూలు మెరుస్తున్నాయి. రంగు ఇంకా వేలికి అంటుతోంది. అడ్వాన్సు అడిగితే రిటర్న్ ఉండదట, కావాలంటే అంతే విలువకు కుర్చీలు తీసుకోవచ్చట. అరగంట అరిచాను. పక్క అంగళ్ల వాళ్లు బయటికి వచ్చి చూశారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. మా ఆయన కారెక్కి కూర్చున్నాడు.

ఆదోనికి పోదామా, పత్తి వ్యాపారుల పాత ఇళ్లలో మంచి సామాను ఉంటుందంటారు అన్నాను. జవాబు లేదు. అల్లుడే కారును నంద్యాల వైపు తిప్పాడు, పొద్దుటూరులో వాడి స్నేహితుడున్నాడని. ఆళ్లగడ్డ దాటినా ఆయన నోరు తెరవలేదు.

మైదుకూరు దగ్గర రోడ్డు పక్కన కొయ్య సామాన్ల అంగడి కనిపిస్తే ఆపాం. ఎర్రగా మెరిసే చిన్న బల్ల చూపించి, "ఎర్రచందనం సార్, వాసన చూడండి" అని గొంతు తగ్గించి చెప్పాడు అక్కడి మనిషి. నిజంగానే గుప్పున వాసన. కానీ లంకమల, శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనానికి మంచి గంధంలా వాసన ఉండదు. అత్తరు పూశారన్నమాట. ఒకవేళ నిజమైనదే అయినా, కాగితాలు లేకుండా కారులో వేసుకుంటే చెక్‌పోస్టులో మా గతేం కాను? ఆ రోజు మా ఆయన మొదటి మాట అక్కడే వచ్చింది. "ఎక్కండి కారు."

పొద్దుటూరులో రెండో మాట అన్నం దగ్గర వచ్చింది. బంగారు అంగళ్ల వీధికి కొంచెం ఎడంగా, బోర్డు కూడా లేని మెస్సు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పక్కన ఊరిబిండి. మనిషికి 160. సంగటి ముద్ద వేడికి వేళ్లు కాలుతున్నా ఆయన ఆగలేదు, రెండో ముద్ద అడిగి మరీ వేయించుకున్నాడు. ఊరిబిండి మా అమ్మ రోట్లో నూరినట్టే ఉంది, శెనక్కాయలు అక్కడక్కడా పంటికి తగులుతూ. మిక్సీలో వేస్తే అట్లా రాదు. వడ్డించే ఆమె మా కర్నూలు గోడు విని, "మా ఇంటి ఎనక ఆచారి ఉండాడు అక్కా, పాత ఇండ్లు ఇప్పినప్పుడు సామాన్లు కొంటాడు, పోయి చూడండి" అంది. పోయిన 3,000 ఏదో విధంగా ఈ మెస్సుకు దారి చూపించిందనుకున్నా. (ఆయనకు చెప్పలేదు.)

ఆచారి అంగడి అంటే రేకుల షెడ్డు. మొదట నా కన్ను ఒక గుమాస్తా పెట్టె మీద పడింది. చాప మీద మఠం వేసుకుని కూర్చుని చిట్టా, ఆవర్జా లెక్కలు రాసుకునే వాలు మూత పెట్టె. 9,500. ఎంత ముద్దుగా ఉందో! "కింద కూర్చుంటావు సరే, లేపేదెవరు?" అన్నాడు మా ఆయన. నా మోకాళ్లు ఆయన పక్షమే.

దాని వెనకుంది అసలు బల్ల. అటు మూడు, ఇటు మూడు సొరుగులు. 48 అంగుళాల పొడవు, 30 ఎత్తు. పైచెక్కలో ఒక చీలిక, ఒక పిడి లేదు. చూడ్డానికి కర్నూలు బల్ల ముందు బిచ్చగత్తెలా ఉంది. నేను అడగకముందే ఆచారి సొరుగు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. మూలల్లో చెక్కలు వేళ్లలో వేళ్లు దూర్చినట్టు అల్లుకుని ఉన్నాయి. ఒక వేలు లావు, ఒకటి సన్నం. చేతి రంపంతో కోసిన పని అట్లాగే ఉంటుందని, మిషనుదైతే అన్నీ ఒకే కొలతలో ఉంటాయని చెప్పాడు. సొరుగు జారే చోట చెక్క అరిగి గాడి పడింది. అడుగుభాగానికి పాలిష్ లేదు, వట్టి నలుపు. ఒక కాలికి పుచ్చు రంధ్రాలు కనిపించి భయపడితే, కింద తెల్ల కాగితం పరిచి పిడికిలితో గుద్దాడు. పొడి రాలలేదు. రాలితే పురుగు ఇంకా లోపల తింటున్నట్టట. తర్వాత కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నాడు. "రాసి చూడమ్మా, కాళ్లు తగుల్తాండాయేమో." కర్నూల్లో నన్ను ఎవరూ కూర్చోమననే లేదు.

ఎన్నేళ్లదని అడిగాను. "నూరేండ్లంటే అబద్ధం. అరవై, డెబ్బై ఉంటాది." నూరు దాటితే గాని యాంటిక్ అనకూడదని ఆయన లెక్క. 1972 నాటి పురావస్తువుల చట్టంలోనూ వస్తువులకు నూరేళ్లే. కాబట్టి మాది వట్టి పాత బల్ల, అంతే. 22,000 చెప్పి 19,500కి ఇచ్చాడు. చీలిక అతికి, పిడి చెక్కి, తేనెమైనం రుద్దినందుకు 2,200. గీకించి కొత్త పాలిష్ పెట్టించొద్దని, ఆ నలుపు పోతే మళ్లీ రాదని ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాడు.

మరుసటి వారం జమ్మలమడుగు, తాడిపత్రి మీదుగా టాటా ఏస్‌లో వచ్చింది, బాడుగ 4,800. మా గది తలుపు 30 అంగుళాలే, కొనేముందు కొలవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఆచారి కొడుకు వెంట వచ్చాడు కాబట్టి సరిపోయింది. పైచెక్క ఎత్తాడు, రెండు సొరుగుల పెట్టెలు విడిగా తీశాడు. ఒక్క మేకు పీకకుండా బల్ల మూడు ముక్కలై గదిలోకి పోయి మళ్లీ ఒకటైంది.

ఇప్పుడు ఎడమవైపు మూడు సొరుగులూ ఆయనవి. కరెంటు బిల్లులు, బీపీ మాత్రలు, పాత కళ్లజోళ్లు.

రెండు నెలల తర్వాత కర్నూలు అంగడాయన నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. "కొత్త సరుకు మేడం, మన్రో దొర వాడిన బల్ల, 42,000." పాలిష్ కాస్త ముదురు చేశాడు గానీ, సిరా మరకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కంపెనీ కాలంలో మన్రో మా అనంతపురం వైపు కలెక్టరుగా పనిచేసింది 1800 నుంచి 1807 దాకా. ఆ లెక్కన రెండు నెలల్లో ఆ బల్ల వయసు నూటయాభై ఏళ్లు పెరిగింది. నా 3,000 పోగా మిగిలింది ఎంత కట్టాలో చెప్పమని జవాబు పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.