ఏఏసీ బ్లాకుల ఇల్లు: ఏళ్లు వాడాక తేలిన మంచీ చెడూ

ఇల్లు హైదరాబాదు శివారులో ఉంది. 200 గజాల ప్లాటు, జీ ప్లస్ వన్, పడమర ముఖం, 2017లో కట్టింది. బయటి గోడలు 8 అంగుళాల ఏఏసీ బ్లాకులు (ఆవిరి ఒత్తిడిలో ఉడికించిన తేలికపాటి కాంక్రీటు దిమ్మలు), లోపలివి 4 అంగుళాలవి. మెట్ల పక్క పడమటి గోడ ఒక్కటీ ఎర్ర ఇటుకతో కట్టారు కాబట్టి ఒకే ఎండలో రెండింటినీ పోల్చుకునే వీలు దొరికింది.

ముందు వేడి సంగతి. అమ్మేవాళ్లు మొదట చెప్పేది ఇదే. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఇటుక గోడ లోపలి వైపు అరచెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగా తగులుతుంది. పక్కనే ఉన్న బ్లాకు గోడకు ఆ వెచ్చదనం ఉండదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 మూడో భాగం ప్రకారం ఘనమీటరుకు 551–650 కిలోల సాంద్రత ఉన్న బ్లాకు ఉష్ణవాహకత (వేడిని దాటించే గుణం) 0.24 వాట్/మీటర్-కెల్విన్ దాటకూడదు. ఎర్ర ఇటుకది దానికి రెండు మూడింతలు. అంతవరకూ నిజమే. కానీ ఇది చూసి పై అంతస్తు చల్లబడుతుందనుకుంటే పొరపాటు. అక్కడ వేడి గోడలోంచి కన్నా 5 అంగుళాల స్లాబులోంచే ఎక్కువ దిగుతుంది. స్లాబు మీద తెల్ల టైల్స్ గానీ ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు గానీ వేసేదాకా పై గదుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా కప్పు వేడి కోసమే. బడ్జెట్ తక్కువైతే మొదటి రూపాయి కప్పు మీద పెట్టాలి, రెండోది పడమటి గోడ మీద. ఉత్తరపు గోడకు ఏ ఇటుకైనా ఒకటే.

శబ్దం విషయంలో మాత్రం నిరాశే. గోడ ఎంత బరువైతే శబ్దాన్ని అంత ఆపుతుంది, ఈ బ్లాకు బరువు తక్కువ. 4 అంగుళాల గోడ అవతల టీవీ పెడితే వార్తలు చదివేవాళ్ల మాటలు ఇవతలికి తెలిసిపోతాయి. పడక గదుల మధ్య 6 అంగుళాలు, కుదిరితే ఫ్లైయాష్ ఇటుక పెట్టుకోవడం మేలు.

బరువు లెక్క చూద్దాం. 24×8×8 అంగుళాల బ్లాకు ఆరితే 15 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. అంతే పరిమాణమున్న ఎర్ర ఇటుక గోడ నలభై కిలోల పైమాటే. దీనివల్ల స్టీలు ఆదా అవుతుందని అందరూ అంటారు. కానీ ఇంజినీరు బ్లాకు బరువు పెట్టి డిజైన్ చేస్తేనే ఆ ఆదా. మన దగ్గర చాలా ఇళ్లకు 9 అంగుళాల ఇటుక లెక్కతోనే బీములు గీసి, తర్వాత గోడకు బ్లాకులు ఎక్కిస్తారు. అప్పుడు ఆదా కాగితం మీదే. కళ్లకు కనిపించే లాభం వేరే ఉంది. 24×50 అడుగుల కట్టుబడిలో చుట్టుగోడ 148 అడుగులు. 9 అంగుళాల బదులు 6 పెడితే అంతస్తుకు 37 చదరపు అడుగులు లోపల మిగులుతాయి. బీరువాలకు పనికొచ్చే జాగా అది. పడమర వైపు మాత్రం 8కి తగ్గొద్దు.

ఇక పగుళ్లు. ఏఏసీకి చెడ్డపేరు వచ్చింది వీటివల్లే. నేరం బ్లాకుది తక్కువ, ఇటుక అలవాటుతో చేసే పనిది ఎక్కువ. మేస్త్రీ మొదట చేసేది బ్లాకుల్ని తొట్టిలో నానబెట్టడం. ఇటుకకు అది అవసరం, దీనికి విషం. బ్లాకు లోపలి దాకా నీళ్లు పీల్చుకుంటుంది, గోడలోకి ఎక్కాక మెల్లగా ఆరుతూ కుంచించుకుపోతుంది, దాంతో జాయింట్ల వెంట మెట్లు మెట్లుగా సన్నటి పగుళ్లు వస్తాయి. జాయింట్ మోర్టారుతో (బస్తాల్లో వచ్చే రెడీమేడ్ జిగురు మాలు) కడితే తడి బ్రష్షుతో దుమ్ము తుడిస్తే చాలు. సిమెంటు మాలుతో కడితే పైపైన నీళ్లు చిలకరించాలి. వానాకాలంలో దిగిన లోడు మీద టార్పాలిన్ కప్పి, కింద చెక్కలు వేసి పేర్చాలి.

మోర్టారు మందం 3 మిల్లీమీటర్లు, దానికి పళ్లున్న తాపీ కావాలి. మామూలు తాపీతో అర అంగుళం మెత్తితే బస్తాలు ఎగిరిపోతాయి, గోడ దిగుతుంది. నిలువు జాయింట్లను వదిలేయడం ఇంకో దురలవాటు. గోడ వెనక లైటు పెట్టి చూస్తే సందుల్లోంచి వెలుగు కనిపిస్తుంది. పై వరస బ్లాకు కింది జాయింటు దాటి కనీసం మూడో వంతు ఎక్కాలి. మొదటి వరస మాత్రం సిమెంటు మాలు మీద రసమట్టం పెట్టి కూర్చోబెట్టాలి. అక్కడ ఎగుడుదిగుడు వస్తే 3 మిల్లీమీటర్ల జాయింటుతో పైన సరిచేసుకునే వీలుండదు.

4 అంగుళాల గోడకు కిటికీ అడుగున, లింటెల్ (కిటికీ పై దూలం) మట్టంలో 3–4 అంగుళాల కాంక్రీటు బెల్టు వేసి, రెండు 8 ఎంఎం కడ్డీలు గోడ పొడవునా పోనివ్వాలి. కిటికీ వరకే లింటెల్ ముక్క పెట్టి ఆపేస్తే మూలల్లోంచి ఏటవాలు పగులు లేస్తుంది. ఈ ఇంట్లో బెల్టు పూర్తిగా తిరిగిన గదుల్లో ఒక్క ఏటవాలు పగులూ లేదు, ముక్కలు పెట్టిన స్టోర్ రూములో రెండున్నాయి.

బీము కింద 10–15 మిల్లీమీటర్ల సందు వదలాలి. అక్కడ ఇటుక పెంకులు దట్టించి చిక్కటి మాలు కొడితే, బీము కాస్త వంగినా బరువు నేరుగా గోడ మీద పడుతుంది. గోడ ఆరాక పీయూ ఫోముతో (సాగే గుణమున్న పాలీయురేథేన్ నురగ) నింపడం సరైన పద్ధతి. పిల్లర్‌తో గోడ కలిసేచోట అటు ఆరు, ఇటు ఆరు అంగుళాలు వచ్చేలా జాలీ వేయాలి. జాలీని గోడకు అంటించి మేకులు కొడితే పని చేయదు, ప్లాస్టరింగ్ మందం మధ్యలో ఉండాలి.

ప్లాస్టరింగ్‌కు తొందర పనికిరాదు, గోడ రెండు మూడు వారాలు ఆరాలి. ముందు సిమెంటు, దొడ్డు ఇసుక కలిపి జల్లు కొట్టాలి. ఆ తర్వాత లోపల 12 మిల్లీమీటర్లు, బయట రెండు పూతలుగా 15–20, సిమెంటు, ఇసుక పాళ్లు 1:6. గట్టిగా ఉంటుందని 1:3 కలిపితే పూత బ్లాకు కన్నా గట్టిపడి విడిపోతుంది. తట్టి చూస్తే డొల్ల మోత వస్తుంది. లోపలి గోడలకు ఇప్పుడు జిప్సం ప్లాస్టర్ ఎక్కువగా వాడుతున్నారు. తడి తగలని గదుల్లో బాగానే ఉంటుంది, బాత్రూముకు, వంటింటి సింకు గోడకు మాత్రం వద్దు. వైరింగ్ గాడి కట్టర్‌తో కొయ్యాలి, ఉలితో కొడితే గోడ అవతలి దాకా అదురుతుంది. అడ్డంగా గాడి అసలే వద్దు.

బాత్రూమే అసలు పరీక్ష. బ్లాకుకు చెమ్మ ఎక్కితే త్వరగా ఆరదు, అవతలి గదిలో పుట్టీ పెచ్చులు లేస్తుంది. నేల నుంచి 6 అంగుళాల కాంక్రీటు అంచు పోసి దాని మీద బ్లాకు మొదలుపెట్టాలి. షవర్ దగ్గర వాటర్‌ప్రూఫింగ్ 7 అడుగుల దాకా తీసుకెళ్లాలి. విశాఖ, కాకినాడ వైపు తుపాను వాన గోడను నేరుగా కొడుతుంది కాబట్టి బయట సాగే గుణమున్న పెయింటు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

బరువులు తగిలించడం ఇంకో తలనొప్పి. 25 లీటర్ల గీజరు నీళ్లతో కలిపి 35–40 కిలోలు ఉంటుంది. లోహపు యాంకర్ బోల్టు బిగించే కొద్దీ బ్లాకు నలిగి రంధ్రం వదులవుతుంది. 10×100 ఎంఎం నైలాన్ ఫ్రేమ్ ఫిక్సింగ్ గానీ కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి బిగించే బోల్టు) గానీ వాడాలి, డ్రిల్లు హ్యామర్ మోడ్ తీసేయాలి. వంటింటి పై అల్మరాలు వచ్చే మట్టంలో, తలుపు చట్రానికి పక్కకు మూడేసి చోట్ల కాంక్రీటు దిమ్మలు ముందే పెట్టించుకుంటే ఈ బాధ ఉండదు. ఈ మాట గోడ కట్టకముందే చెప్పాలి. కార్పెంటరు వచ్చాక అడిగితే చేసేదేం లేదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ‘లైట్ వెయిట్ బ్లాక్’ పేరుతో నురగ కాంక్రీటు సీఎల్‌సీ బ్లాకులూ అంటగడతారు. వాటిని ఆవిరి ఒత్తిడిలో ఉడికించరు, కాబట్టి ఆరే కొద్దీ ఎక్కువ కుంచించుకుపోతాయి. ముదురు సిమెంటు రంగు, చేతికి ఎక్కువ బరువు. ఏఏసీ తెలుపు కలిసిన బూడిద రంగులో ఉంటుంది. లోడులో పది బ్లాకులు టేపుతో కొలవండి. ఎత్తులో 3 మిల్లీమీటర్లు తేడా ఉంటే పలుచటి జాయింటు సాధ్యం కాదు, వెనక్కి పంపేయాలి. 100 చదరపు అడుగుల గోడకు 75 బ్లాకులు, విరిగేవాటికి ఇంకో నాలుగైదు.

వచ్చిన పగుళ్లను మొదటి ఏడాదే పూడ్చొద్దు. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక అవి ఎంతవరకు తెరుచుకుంటాయో తెలుస్తుంది. అప్పుడు వీ ఆకారంలో గీకి, దుమ్ము దులిపి, సాగే అక్రిలిక్ ఫిల్లరు నింపి, పైన ఫైబర్ మెష్ టేపు అంటించి పుట్టీ పెట్టాలి. తెల్ల సిమెంటుతో పూడిస్తే మళ్లీ అదే గీతలో విచ్చుకుంటుంది.