క్యూల్యాబ్‌లో లూపింగ్: చాలా షోలు నడిపాక నాకనిపించింది

నాటకాలకి సౌండ్ చేసేవాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్ గురించైనా ముందు అడిగేది ఇందులో లూప్ ఉందా, అంటే ఒకే సౌండ్ మళ్ళీ మళ్ళీ తిరుగుతుందా అనే. లూప్ ఎందులో లేదండీ, ఫోన్‌లో పాటలు వినే యాప్‌లో కూడా ఉంది. అడగాల్సింది లూప్‌లోంచి బయటికి ఎలా వస్తాం అని. షోలో సౌండ్లు వరసగా నడిపే సాఫ్ట్‌వేర్ క్యూల్యాబ్‌ని నేను ఇన్నాళ్ళూ వదలకపోవడానికి అదొక్కటే కారణం, మ్యాక్‌లో తప్ప నడవదు అన్న ఇబ్బంది ఉన్నా సరే.

రైలు సీన్ అనుకోండి. రైలు బయల్దేరడం, పరిగెత్తడం, బ్రేక్ వేసి ఆగడం, మూడూ ఒకే ఫైల్. వేవ్‌ఫామ్ (తెర మీద సౌండ్‌ని చూపించే గ్రాఫ్) మీద రెండుచోట్ల మార్కర్ పెడితే మూడు స్లైసులు, అంటే ముక్కలు అవుతాయి, మొదటిదీ చివరిదీ ఒక్కసారి, మధ్యది ఇన్ఫినిట్, అంటే చెప్పేదాకా తిరుగుతూనే ఉంటుంది. నటులు డైలాగ్ ఎంత సాగదీసినా రైలు నడుస్తూనే ఉంటుంది, సీన్ అయ్యాక డివ్యాంప్ క్యూకి (క్యూ అంటే వరసలో పెట్టుకున్న ఒక్కో ఆదేశం, ఇదేమో లూప్‌లోంచి బయటికి రమ్మనేది) గో బటన్ కొడితే ఆ స్లైస్ చివరిదాకా వెళ్ళి దానంతటదే బ్రేకుల్లోకి జారుకుంటుంది, అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

కానీ ఒక తిరకాసు. మధ్య స్లైస్ 20 సెకన్లుండి మీరు 2వ సెకనులో గో కొట్టారనుకోండి, ఇంకో 18 సెకన్లు రైలు ఆగదు, స్టేజి మీద వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. పోనీ స్లైస్ బాగా చిన్నది చేద్దామంటే అదే చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తోందని చెవికి దొరికిపోతుంది. అందుకే నేను డివ్యాంప్‌ని మ్యూజిక్‌కీ ఇలాంటి ఎఫెక్టులకీ ఉంచుకుంటా. ఫోన్ రింగ్‌కి మాత్రం వద్దు, రిసీవర్ ఎత్తగానే టక్కున ఆగాలి, అక్కడ స్టాప్ క్యూనే.

వాన, సముద్రం లాంటివాటికి స్లైసుల గొడవే పెట్టుకోను. 37 సెకన్ల వాన ఒకటి, 53 సెకన్లది ఇంకోటి, రెండూ ఇన్ఫినిట్ లూప్‌లో కలిపి వదిలేస్తా, ఆ రెండూ మళ్ళీ మొదటిలాగే కలిసేది 1961 సెకన్లకి, అంటే దాదాపు 33 నిమిషాలు, ఈలోపు అంకమే అయిపోతుంది. ఉరుము మాత్రం ఆ ఫైల్లో ఉండకూడదు, అది విడిగా వేరే క్యూ. వాన ఆపడానికి సౌండ్‌ని మెల్లగా తగ్గించే ఫేడ్ క్యూ పెట్టి, ఫేడ్ అయ్యాక టార్గెట్ (అంటే ఆ వాన క్యూ) ఆగిపోయే ఆప్షన్‌కి టిక్ పెట్టండి, లేకపోతే వినపడకుండా వెనకాల నడుస్తూనే ఉంటుంది.

లూప్ అయ్యే ఫైల్ ఎంపీ3 అయితే అతుకు దగ్గర చిన్న ఖాళీ వస్తుంది చూడండి, సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి, ఎన్‌కోడింగ్‌లోనే ముందూ వెనకా కాస్త సైలెన్స్ చేరిపోతుంది. వేవ్ గానీ ఏఐఎఫ్ఎఫ్ గానీ వాడండి. అప్పుడు కూడా టిక్ మని వినపడితే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఫైల్‌ని సగానికి కోసి, రెండో సగాన్ని ముందుకి తెచ్చి, మధ్యలో క్రాస్‌ఫేడ్ చేస్తే (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా కలిపితే) సరి, ఎందుకంటే ఇప్పుడు ఫైల్ చివర, మొదలు రెండూ ఒకప్పుడు పక్కపక్కన ఉన్నవే కదా.

ఇంకోటి, ఇన్ఫినిట్ లూప్ క్యూకి ఆటో-ఫాలో పెట్టి తర్వాతి క్యూ రావట్లేదని చాలామంది బుర్ర గోక్కుంటారు. క్యూ పూర్తయితేనే ఆటో-ఫాలో కదులుతుంది, ఇదేమో పూర్తయ్యేది కాదు. క్యూ పూర్తయ్యేదాకా ఆగని ఆటో-కంటిన్యూ పెట్టి, పోస్ట్-వెయిట్‌లో తర్వాతి క్యూకి ముందు ఎంత టైమ్ కావాలో ఇచ్చుకోండి, పనైపోతుంది.