రెండు లక్షల కిలోమీటర్లకి దగ్గర పడ్డ ఇన్నోవా కొని ఆరేళ్లు వాడాక

మాది 2012 మోడల్ ఇన్నోవా, 2.5 డీజిల్, జీఎక్స్. 2019లో కొన్నప్పుడు మీటర్ మీద 1.9 లక్షల కిలోమీటర్లున్నాయి. ఇప్పుడు 3.1 లక్షలు దాటింది. ఈ ఆరేళ్లలో ఇంజన్ విప్పించలేదు, గేర్‌బాక్స్‌కి రిపేరు రాలేదు. అలాగని ఖర్చే లేదనుకోకండి, ఆ లెక్క కిందకి వస్తే ఉంది.

ఉండేది గుంటూరులో. పెద్దవాళ్లతో కలిపి ఆరుగురం. పెళ్లయినా, శ్రీశైలమైనా అందరం ఒకే బండిలో వెళ్లాలి. చేతిలో ఉన్నది ఆరు లక్షలు. ఆ డబ్బుకి తక్కువ తిరిగిన చిన్న కారు వస్తుంది, లేదంటే బాగా తిరిగిన ఇన్నోవా వస్తుంది. చిన్న కారు మా అవసరానికి పనికిరాదు.

అప్పట్లో రెండు ఇన్నోవాలు చూశాను. మొదటిది ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డులో. మీటర్ 92 వేలు చూపిస్తోంది. "డాక్టర్ గారి బండండీ, గుడికి తప్ప బయటికి తియ్యలేదు" అన్నాడు షెడ్డతను. మన దగ్గర అమ్మకానికొచ్చే బండ్లలో సగం డాక్టర్లవే మరి! తలుపు తీసి చూస్తే స్టీరింగ్ మీది గరుకంతా పోయి నున్నగా మెరుస్తోంది. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు లేవు. డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు కుంగిపోయింది. 92 వేలకి ఇంత అరుగుదల రాదు. బండి నంబర్ పట్టుకుని సర్వీస్ రికార్డు కనుక్కుంటే, మూడేళ్ల కిందటే 1.4 లక్షల దగ్గర సర్వీసైనట్టుంది. మీటర్ వెనక్కి తిప్పేశారన్నమాట.

రెండోది ఏలూరులో హోల్‌సేల్ మందుల వ్యాపారం చేసే ఆయనది. మీటర్ చూస్తే భయం వేసింది గానీ, ప్రతి బిల్లూ ఫైల్లో ఉంది. విశాఖ వైపు, చెన్నై వైపు ఎక్కువగా పదహారో నంబర్ హైవే మీదే తిరిగింది. ఆ తేడా చాలా పెద్దది. హైవేలో ఐదో గేర్ వేసి రెండు గంటలు పోతే క్లచ్ తొక్కేది వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, ఇంజన్ ఒక్కసారి వేడెక్కాక అదే వేడి మీద నడుస్తుంది. అవే కిలోమీటర్లు విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగితే క్లచ్, బ్రేకులు, స్టార్టర్ అన్నీ రెట్టింపు పని చేస్తాయి. అందుకే 92 వేల బండి వదిలేసి 1.9 లక్షల బండి వైపు మొగ్గాను.

విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాను. ముందు రోజే ఓనర్‌కి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పాం. వెళ్లగానే మా వాడు చేసిన మొదటి పని బానెట్ మీద చెయ్యి పెట్టి చూడటం. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేశారని అర్థం. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలి. అందుకున్నాక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ వస్తే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లనో, టర్బోనో, ఎయిర్ ఫిల్టర్‌నో చూడాలి.

తర్వాత ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అక్కడే పెట్టాడు. మూత కొంచెం వణికింది, అంతే. "బ్యాక్ కంప్రెషన్ ఉంటే ఇది ఎగిరి పక్కన పడేది సార్" అన్నాడు. పిస్టన్ రింగులు అరిగి లోపలి గ్యాస్ కిందికి తన్నడాన్ని అలా అంటారు. డిప్‌స్టిక్ గొట్టంలోంచి కూడా పొగ రాలేదు. బండి కదిలించేటప్పుడు కింద టక్‌మని ఒక చప్పుడు. ఇది వెనక చక్రాలకి పవర్ వెళ్లే బండి కాబట్టి పవర్‌ని వెనక్కి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు, అంటే క్రాస్‌లు, అరిగితే అలా కొడుతుంది. తలుపుల రబ్బరు బీడింగ్ లాగి, లోపల కంపెనీ పంచింగ్ చుక్కలు (రేకులు అతికించిన వెల్డింగ్ గుర్తులు) వరసగా ఉన్నాయో లేదో చూశాం. ఒకచోట ఆ చుక్కల మీద పేస్టు పూసి కప్పేసి ఉంటే అక్కడ దెబ్బ తగిలినట్టే. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్ల బండ్లయితే కింద చాసిస్‌కి తుప్పు కూడా చూడాలి. మేం చూసింది మాత్రం శుభ్రంగా ఉంది.

అన్నిటికంటే ముఖ్యం టైమింగ్ బెల్ట్. వాల్వులు, పిస్టన్లు తాళం తప్పకుండా కదిలేలా చూసేది అదే. ఈ ఇంజన్‌కి చెయిన్ కాదు, బెల్టే. అది నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ పని అయిపోతుంది. మార్చాల్సిన టైమొచ్చిందని డాష్‌బోర్డులో ఒక లైటు వెలుగుతుంది గానీ, బెల్టు మార్చకుండానే ఆ లైటు ఆర్పేసి అమ్మేవాళ్లున్నారు. అందుకని లైటుని నమ్మలేదు, బిల్లు అడిగాం. ఒకసారే మార్చారు, అది కూడా లక్ష దగ్గర. అంటే రెండోసారి నాకే పడుతుంది. క్లచ్ కూడా జారడం మొదలుపెట్టింది. ఇవన్నీ కాగితం మీద రాసి ఓనర్ ముందు పెడితే, ఆరు లక్షల పది వేలు చెప్పిన ఆయన 5.4 దగ్గర ఒప్పుకున్నాడు. మిగిలిన అరవై వేలు రిపేర్లకే పక్కన పెట్టాను.

ఆ అరవై మొదటి ఏడాదిలోనే అయిపోయాయి. టైమింగ్ బెల్ట్, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్ ఒకేసారి మార్పించాను. క్లచ్ సెట్, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, ముందు సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ బుష్‌లు, నాలుగు టైర్లు అయ్యేసరికి చేతి నుంచి ఇంకొంత పడింది. ఆ తర్వాత రెండేళ్లు ఆయిల్ మార్చడం తప్ప ఏమీ లేదు. తర్వాత వెనక ఏసీ కూలింగ్ కాయిల్ లీకైంది. 2.6 లక్షల దగ్గర పొద్దున్నే స్టార్టింగ్ ఆలస్యమవుతుంటే ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ చేయించాను. నాలుగు ఇంజెక్టర్లకీ నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఇంజన్ నడిపితే ఏ సీసాలో డీజిల్ ఎక్కువ నిండిందో చూస్తారు. మూడోది మిగతా వాటికి రెట్టింపు నిండింది, అంటే ఆ ఇంజెక్టర్ లోపల లీకవుతోందన్నమాట. ఆ ఒక్కటే మార్పించాను. టెస్ట్ చెయ్యకుండానే నాలుగూ మార్చాలన్న షాపు కూడా ఒకటుంది, అక్కడికి మళ్లీ వెళ్లలేదు.

నడపడం ఎలా ఉంటుందంటే, లారీ తమ్ముడు. శబ్దం ఉంది, క్లచ్ బరువే, మలుపుల్లో ఒళ్లు ఊగుతుంది. మూడో వరుసలో పొడుగు మనిషి మోకాళ్లు ముడుచుకోవాల్సిందే. మైలేజీ లీటరుకి ఊళ్లో పది, హైవేలో ఏసీతో పదమూడు వస్తుంది. కానీ శ్రీశైలం దారిలో దోర్నాల దాటి నల్లమల ఘాట్‌లో, అందరం కూర్చుని ఏసీ వేసుకుని ఎక్కినా టెంపరేచర్ ముల్లు కదలదు. రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేసే రోడ్డు అది, అక్కడ బండి ఆగితే పిల్లాపెద్దలతో ఏం చెయ్యాలి? ఆ టెన్షన్ నాకు ఇంతవరకు రాలేదు.

కాగితాల దగ్గర తొందరపడకండి. ఆర్‌సీలో హైపోథికేషన్ (లోన్ ఇచ్చినవాళ్ల పేరు) తీసేశారా, చలాన్లు ఎన్ని ఉన్నాయి, ముందు పసుపు బోర్డు మీద ట్యాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకి మారిందా అన్నవి చూడాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకి నిషేధం పడ్డాక అక్కడి నుంచి చవగ్గా ఇటు తెచ్చి అమ్మేవాళ్లున్నారు. అక్కడి ఆర్టీఓ నుంచి తెచ్చుకునే ఎన్‌వోసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూసుకుంటే ఆ చవక మిగలదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద ముంచిన బండ్లు కూడా విజయవాడలో చాలానే ఉన్నాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర చూడండి, బురద మరక అక్కడ దాక్కుంటుంది.

నెలకి మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఇలాంటి బండి చెప్పను. పెట్రోల్ చిన్న కారు చాలు. 2020 తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్ల సంగతి వేరు. వాటికి పొగని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, ఊళ్లో చిన్న ట్రిప్పులే తిరిగితే అది మూసుకుపోతుంది. అలాంటిది రెండు లక్షలు తిరిగి అమ్మకానికొస్తే నా అనుభవం పనికిరాదు.

మా బండికి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్‌సీ రెన్యువల్ ఫీజు ఐదు వేలు, దానిపై గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్. క్లచ్ మళ్లీ కొంచెం జారుతోంది. ఈ మధ్యే ఒకాయన మూడున్నర లక్షలిస్తానని ఇంటికొచ్చాడు. ఇవ్వలేదు. ఈ సంక్రాంతి లోపు క్లచ్ సెట్ మార్పించేస్తాను, రెన్యువల్ చేయించి ఇంకో ఐదేళ్లు వాడాలని ఉంది.