ఒక్క మేయరు చేతిలో అధికారమా, అన్ని పార్టీల కమిటీ చేతిలోనా: దక్షిణాఫ్రికా తీర నగరాల్లో ఏది మేలు?

దక్షిణాఫ్రికాలో ఎనిమిది మహానగర మునిసిపాలిటీలు ఉంటే వాటిలో నాలుగు సముద్రతీరంలో ఉన్నాయి. అవి కేప్‌టౌన్, డర్బన్ కేంద్రంగా ఉన్న ఇతెక్వీనీ, నెల్సన్ మండేలా బే, బఫెలో సిటీ. 1996 రాజ్యాంగం ఈ మహానగరాలకు ఒకే అంచె పాలన ఇచ్చింది. అంటే వీటికి పైన జిల్లా పరిషత్తు గానీ కింద వేరే పురపాలక సంఘం గానీ ఉండవు. తాగునీరు, కరెంటు పంపిణీ, మురుగునీరు, చెత్త, వీధులు, ఇళ్ల ప్లాన్ల అనుమతి అన్నీ ఒకే కౌన్సిల్ చూడాలి. అయితే ఆ కౌన్సిల్ తన కార్యనిర్వాహక అధికారాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్న దానికి 1998 నాటి మునిసిపల్ నిర్మాణ చట్టం రెండు దారులు చూపింది. కేప్‌టౌన్, నెల్సన్ మండేలా బే ఒక దారిలో నడుస్తుండగా డర్బన్ రెండో దారిలో నడుస్తోంది.

మొదటి దారిలో కార్పొరేటర్లు కార్యనిర్వాహక మేయరును ఎన్నుకుంటారు. ఆ మేయరు తనకు నచ్చినవారితో మేయరు కమిటీని వేసుకుంటారు, నచ్చనివారిని తీసేస్తారు. పార్టీల బలాబలాల ప్రకారం అందులో వాటా ఇవ్వాలన్న నిబంధన లేదు. రెండో దారిలో కౌన్సిల్ పది మందికి మించని కార్యనిర్వాహక కమిటీని ఎన్నుకుంటుంది. అందులో ప్రతి పార్టీకి కౌన్సిల్‌లో దానికున్న బలాన్ని బట్టి చోటు దక్కుతుంది, మేయరు ఆ కమిటీ సభ్యుల్లోంచే వస్తారు, నిర్ణయం కమిటీది. అంటే డర్బన్‌లో ప్రతిపక్షం బయట నిలబడి విమర్శించడమే కాక, ఫైళ్లు కదిలే గదిలోనే కూర్చుంటుంది. విశాఖపట్నంలో గౌరవం మేయరుకు, సంతకం కమిషనరుకు అన్న పద్ధతికి అలవాటుపడ్డ మనకు ఈ రెండూ కొత్తగానే తోస్తాయి. అక్కడ మన కమిషనరు లాంటి మునిసిపల్ మేనేజరును ప్రభుత్వం పంపదు, కౌన్సిలే నియమించుకుంటుంది. అసలు మన విశాఖ నగరపాలక సంస్థ 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేకుండానే గడిపింది కాబట్టి, ఈ పోలికలో మనం పెద్దరికం చూపించే స్థితిలో లేము.

ఏది మేలో తేల్చే ముందు ఆ నగరాల్లో ఉన్నది ఎవరో చూడాలి. 2022 జనాభా లెక్కల ప్రకారం కేప్‌టౌన్‌లో దాదాపు 47.7 లక్షల మంది, ఇతెక్వీనీలో 42.4 లక్షల మంది, నెల్సన్ మండేలా బేలో సుమారు 11.9 లక్షల మంది ఉన్నారు. సంఖ్యలో డర్బన్, కేప్‌టౌన్ దగ్గరగానే కనిపించినా జనం కూర్పు వేరు. 2011 లెక్కల్లో ఇతెక్వీనీ జనాభాలో నల్లజాతివారు దాదాపు 74 శాతం, భారతీయ మూలాలవారు దాదాపు 17 శాతం. ఆ భారతీయుల కథలో మన భాగం ఉంది: 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రురో అనే ఓడలో తొలి ఒప్పంద కూలీలు డర్బన్ రేవులో దిగినది మొదలు 1911 వరకు లక్షన్నరకు పైగా మంది చెరకు తోటల కోసం నటాల్‌కు చేరారు; మద్రాసు నుంచి వెళ్లినవారిలో తమిళులతో పాటు మన తీర జిల్లాల తెలుగువారూ ఎందరో. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ తరువాతి తరాలను ఊరి నడుమ నుంచి తరిమి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వంటి పేటలకు చేర్చింది. వీటికి తోడు నగరం పొలిమేరల్లో పెద్ద విస్తీర్ణం ఇంగొన్యామా ట్రస్టు భూమి, అంటే జులూ సంప్రదాయ నాయకుల ఆధీనంలో ఉన్న పల్లె నేల. కొండవాలుల మీద, ఏటి గట్ల మీద రేకుల షెడ్లలో ఉండేవారికి 2005లో పుట్టిన అబహ్లాలీ బసెమ్జొండోలో అనే సొంత ఉద్యమం ఉంది. ఇన్ని రకాల జనం ఒకే మునిసిపాలిటీ కింద ఉన్నప్పుడు, గెలిచిన ఒక్క పార్టీయే మొత్తం కమిటీని నింపుకునే పద్ధతి ఎవరో ఒకరిని గుమ్మం బయటే ఉంచుతుంది. 2021 జులైలో డర్బన్ ఉన్న క్వాజులు-నటాల్‌లో, మరో రాష్ట్రమైన గౌటెంగ్‌లో చెలరేగిన అల్లర్లలో 350 మందికి పైగా చనిపోయారు. ఫీనిక్స్‌లో భారతీయులకు, నల్లజాతివారికి మధ్య జరిగిన హత్యలు ఆ అల్లర్లలో అతి చేదు ఘట్టం. ఆ నగరంలో అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడం ఆదర్శం కోసం చేసే పని కాదు, అవసరం.

ఆర్థికం విషయంలో మాత్రం ఏ పద్ధతి ఎంచుకున్నా నగరం చేతికి వచ్చేది తక్కువే. డర్బన్ రేవు ఆ దేశపు కంటైనర్లలో అత్యధిక భాగాన్ని దాటిస్తుంది, అయితే దాన్ని నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాన్స్‌నెట్. క్రేన్లు పనిచేయక ఓడలు బయట లంగరు వేసి ఎదురుచూస్తున్నా మేయరు చేయగలిగింది లేఖ రాయడమే. ప్రాస్పెక్టన్‌లోని టొయోటా కర్మాగారం, మేడన్ వార్ఫ్ పక్కనున్న చక్కెర టెర్మినల్, వార్విక్ జంక్షన్‌లో వేలమంది చిల్లర వర్తకుల బజారు ఇవన్నీ నగరపు నీటి మీద, కరెంటు మీద, రోడ్డు మీద ఆధారపడతాయి. నెల్సన్ మండేలా బే సంగతీ అంతే: కరీగాలో ఫోక్స్‌వాగన్, స్ట్రువాండేల్‌లో ఫోర్డ్ ఇంజన్ల కర్మాగారం ఉన్న ఆ కార్ల నగరానికి కరెంటు పోవడం అంటే ఉద్యోగం పోవడమే. ఈ మహానగరాల ఆదాయంలో ఎక్కువ భాగం ఆస్తిపన్ను నుంచి, నీరు, కరెంటు అమ్మకాల నుంచి వస్తుంది తప్ప పై ప్రభుత్వాల గ్రాంట్ల నుంచి కాదు. కనుక కార్యనిర్వాహక పద్ధతిని తూచవలసింది పరిశ్రమలు తెచ్చిందా అని కాదు, పైపులు, స్తంభాలు, బిల్లులు చూసుకుందా అని.

ఈ తూకంలో కేప్‌టౌన్ పద్ధతికి ఉన్న బలం 2018 కరువులో కనిపించింది. జలాశయాలు అడుగంటి, కుళాయిలు కట్టేసే రోజు వస్తుందని హెచ్చరించినప్పుడు నగరం మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టి, పైపుల్లో పీడనం తగ్గించి, ఎక్కువ వాడేవారి మీద రేట్లు పెంచి, 2015లో ఉన్న వాడకాన్ని సగానికి పైగా తగ్గించింది. ఆజ్ఞ ఒక చోట నుంచి రావడం వల్లనే అంత వేగం సాధ్యమైందని ఆ పద్ధతి సమర్థకులు చెబుతారు. అయితే వారు మరచిపోయే సంగతి ఒకటుంది: ఆ సంక్షోభం నడుమనే, 2018 జనవరిలో, మేయరు పట్రీషియా డి లిల్ చేతి నుంచి కరువు బాధ్యతలను కౌన్సిల్ తీసేసింది, సొంత పార్టీతో తగవులాడుతూ ఆమె అదే ఏడాది అక్టోబరులో పదవి వదిలారు. మేయరు పదవి కదులుతున్నా నగరం నిలబడిందంటే కారణం ఆ పదవి కాదు, వెనుక ఉన్న సంఖ్యాబలం. 2016లో మూడింట రెండు వంతుల ఓట్లు, 2021లో 58 శాతం ఓట్లు తెచ్చుకున్న డెమోక్రటిక్ అలయన్స్ (డీఏ) పార్టీకి అక్కడ ఏ పద్ధతైనా సాగుతుంది.

అదే పద్ధతి సంఖ్యాబలం లేని చోట ఏమవుతుందో నెల్సన్ మండేలా బే చూపింది. 2016లో 120 సీట్లలో 57 తెచ్చుకున్న డీఏ పార్టీ నాయకుడు ఏథోల్ ట్రాలిప్ చిన్న పార్టీల తోడుతో మేయరయ్యారు. 2018 ఆగస్టులో సంకీర్ణం చీలి ఆయన దిగిపోగా, కౌన్సిల్‌లో రెండే సీట్లున్న యునైటెడ్ డెమోక్రటిక్ మూవ్‌మెంట్ (యూడీఎమ్) పార్టీకి చెందిన మొంగమేలీ బొబానీ మేయరయ్యారు. 2021 ఎన్నికల్లో రెండు పెద్ద పార్టీలైన డీఏకు, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ)కు సరిగ్గా 48 సీట్ల చొప్పున వచ్చాయి. ఆ తరువాత నాలుగేళ్లయినా నిండకుండానే యూజీన్ జాన్సన్, రెటీఫ్ ఓడెండాల్, గ్యారీ వాన్ నీకెర్క్, బబాల్వా లొబీషే వరసగా ఆ కుర్చీ ఎక్కారు. కార్యనిర్వాహక మేయరు మారిన ప్రతిసారీ మేయరు కమిటీ మొత్తం మారుతుంది, నీటిశాఖ చూసే రాజకీయ పెద్ద మారతారు, మొదలైన టెండరు మళ్లీ మొదటికి వస్తుంది. 2022లో ఆ నగరపు జలాశయాలు దాదాపు ఎండిపోయినప్పుడు, పైపుల్లోంచి కారిపోయే నీటిని ఆపడం మీద ఏళ్ల తరబడి చూపిన అశ్రద్ధ బయటపడింది. అధికారం ఒక్కచోట పోగుపడితే దాన్ని లాక్కోవాలన్న ఆశ కూడా అక్కడే పోగుపడుతుంది. రెండు సీట్ల పార్టీ కూడా నగరం మొత్తాన్ని బేరం పెట్టగలుగుతుంది.

అలాగని డర్బన్ కమిటీ పద్ధతి గొప్పగా నడిచిందనలేము. నిజానికి ఆ నగరపు నీటిశాఖ ఒకప్పుడు దేశానికే దారి చూపింది. పేద ఇళ్లకు కొంత నీరు ఉచితంగా ఇవ్వడం అక్కడే మొదలై తరువాత జాతీయ విధానమైంది, 2014లో స్టాక్‌హోమ్ ఇండస్ట్రీ వాటర్ అవార్డు కూడా వచ్చింది. ఆ తరువాత పదేళ్లలోపే నగరం కొని, పంపే నీటిలో సగానికి పైగా బిల్లుకు అందకుండా పోయే స్థితికి దిగజారింది. 2022 ఏప్రిల్ వరదల్లో రాష్ట్రంలో 430 మందికి పైగా చనిపోయారు. మురుగునీటి పంపింగ్ కేంద్రాలు దెబ్బతిని బీచ్‌లు మూతపడ్డాయి, టొంగాట్ పట్టణానికి నెలల తరబడి కుళాయి నీరు లేదు. తప్పు ఎవరిదని అడిగితే కమిటీలో ఒకరు మరొకరి వైపు చూపారు. అందరూ గదిలో ఉండడం వల్ల ఎవరూ బాధ్యులు కాకుండా పోవడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన జబ్బు. అయినా 2021లో పాలక పార్టీ ఏఎన్‌సీ 222 సీట్లలో 96కే పరిమితమైనప్పుడు డర్బన్ మాత్రం నెల్సన్ మండేలా బే దారి పట్టలేదు. ఉపమేయరు పదవి ఒక చిన్న పార్టీ నుంచి మరో పార్టీకి మారినా మేయరు మక్సోలిసీ కౌండా 2024 దాకా కొనసాగారు. మేయరును దించినంత మాత్రాన మిగతా కుర్చీలన్నీ ఖాళీ కావు కాబట్టి, దించడంలో లాభం తక్కువ.

కాబట్టి నా లెక్క ఇది: ఒకే పార్టీకి తిరుగులేని మెజారిటీ ఉన్నంతకాలం కేప్‌టౌన్‌కు మేయరు పద్ధతి నష్టం చేయదు, నెల్సన్ మండేలా బేకు అది హాని చేసింది, అక్కడ కమిటీ పద్ధతికి మారడమే మేలు, డర్బన్ ఉన్న పద్ధతినే ఉంచుకోవాలి. బాధ్యత ఎగ్గొట్టే జబ్బుకు మందు మేయరుకు మరిన్ని అధికారాలివ్వడంలో లేదు. కమిటీలో నీటికి, మురుగుకు, కరెంటుకు ఒక్కొక్క సభ్యుణ్ని పేరుతో సహా ప్రకటించాలి, ప్రతి తీర్మానం మీద ఎవరు ఎటు ఓటేశారో వార్డు కార్యాలయాల్లో అతికించాలి, ఇంజనీర్ల నియామకాన్ని పార్టీల వాటాల నుంచి తప్పించాలి. వీటిలో మొదటి రెండింటికి కొత్త చట్టం కూడా అక్కరలేదు, కౌన్సిల్ తన నిబంధనల్లో రాసుకుంటే చాలు. మూడోది కష్టం, పార్టీలన్నీ ఒకే గదిలో ఉన్నప్పుడు ఉద్యోగాలు పంచుకోవడంలో మాత్రం వాటి మధ్య విచిత్రమైన ఐకమత్యం కుదురుతుంది.