సెస్నా 152 కార్బొరేటరా, 172ఎస్ ఇంజెక్షనా: రెండూ నడిపాక నా రివ్యూ

2021లో ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పటి నుంచి పైలట్ కోర్సు గురించి నన్ను అడిగే కర్నూలు పిల్లలు ఎక్కువయ్యారు. ఫీజు తర్వాత అందరిదీ ఒకటే ప్రశ్న, పాత సెస్నా 152 శిక్షణ విమానం ఉన్న స్కూల్లో చేరాలా, 172ఎస్ ఉన్నచోట చేరాలా అని. రెండింటి మీదా నేర్చుకున్నాను కాబట్టి ఇంజిన్ వరకు నా అభిప్రాయం చెబుతాను, సీట్లు, స్క్రీన్ల సంగతి వేరే.

152లో ఉండేది లైకమింగ్ కంపెనీ ఓ-235, 110 హార్స్‌పవర్, కార్బొరేటర్ ఇంజిన్. ట్యాంకులు పైన రెక్కల్లో ఉంటాయి, పెట్రోల్ దానంతట అదే కిందికి దిగుతుంది, పంపు కూడా అక్కర్లేదు. ఎండలో ఆపి కాసేపటికి మళ్లీ కీ తిప్పినా చాలావరకు టక్కున అందుకుంటుంది. ఇంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు.

నా కంప్లైంట్ అంతా ఐస్ గురించే. మన సీమలో ఐస్ ఏంటి అని తీసిపారేయకండి. కార్బొరేటర్ గొంతులో గాలి ప్రెషర్ తగ్గి, పెట్రోల్ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, ఆ ఒక్కచోట 35 డిగ్రీలకు పైగా కూడా పడిపోవచ్చు. అంటే బయట 25 ఉన్నా లోపల సున్నా కిందికి పోతుంది, గాలిలో తేమ ఉంటే థ్రాటిల్ రేకు చుట్టూ మంచు పేరుకుంటుంది. బయట 38 డిగ్రీలున్నా, తేమ 50 శాతమే ఉన్నా ఇది జరగొచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ హ్యాండ్‌బుక్కులోనే ఉంది. వాన వెలిసిన సెప్టెంబర్ పొద్దున, నవంబర్‌లో కడప వైపు ముసురు పట్టిన రోజు ఎలా ఉంటాయో తెలుసుగా, సరిగ్గా అలాంటి వాతావరణమే దీనికి కావాల్సింది.

పైగా ఇది చెప్పి రాదు. థ్రాటిల్ తగ్గించి దిగుతున్నప్పుడే ఎక్కువ. ఆర్‌పీఎం సూది కొంచెం కిందికి జారుతుంది, చెయ్యి తగిలిందేమో అనుకుని థ్రాటిల్ ముందుకు నెడతాం, మళ్లీ జారుతుంది. అప్పుడు కార్బ్ హీట్ నాబ్ మొత్తం బయటికి లాగాలి, సైలెన్సర్ చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వస్తుంది. కొత్తవాళ్లు బెదిరిపోయేది ఇక్కడే, ఎందుకంటే లాగగానే ఆర్‌పీఎం ఇంకా పడుతుంది, కరిగిన నీళ్లు సిలిండర్లలోకి పోతుంటే ఇంజిన్ దగ్గుతుంది. భయపడి నాబ్ లోపలికి తోసేస్తే అంతే సంగతులు. అలాగే ఉంచితే కాసేపటికి ఆర్‌పీఎం తనంతట తానే లేస్తుంది.

172ఎస్‌లో ఐఓ-360, 180 హార్స్‌పవర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఎఫ్ఐ) ఇంజిన్. పెట్రోల్ ఒక్కో సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్ పక్కనే నాజిల్ లోంచి పడుతుంది, గొంతులో ఆవిరయ్యే పనే లేదు కాబట్టి ఆ ఐస్ గొడవ ఉండదు. గాలి ఫిల్టర్ బయట మంచు పట్టే అవకాశం ఉంది గానీ, దానికి వేరే గాలి దారి పెట్టారు. నాలుగు సిలిండర్లకూ దాదాపు సమానంగా అందుతుంది, లీన్ చేసేటప్పుడు, అంటే గాలిలో పెట్రోల్ పాలు తగ్గించేటప్పుడు, తేడా బాగా తెలుస్తుంది.

బళ్లారి చౌరస్తా దగ్గర బైక్ షెడ్డు నడిపే మా చిన్నమామ అడిగిన మాట ఇది: "ఏం అల్లుడా, సెన్సార్ పోతే ఎఫ్ఐ బండి రోడ్డు మీదే నిలబడిపోతాది, గాల్లో నిలబడితే ఎట్ల?" అడగాల్సిన ప్రశ్నే. కానీ 2020లో బీఎస్6తో మన బైకుల్లో చాలావాటికి వచ్చిన కంప్యూటర్ ఎఫ్ఐ వేరు, ఇది వేరు. ఇది పూర్తిగా మెకానికల్. లోపలికి పోయే గాలిని బట్టి డయాఫ్రమ్‌లు (ప్రెషర్‌కు కదిలే పల్చటి పొరలు) పెట్రోల్‌ను ఆగకుండా వదులుతుంటాయి, పంపును ఇంజినే తిప్పుతుంది, స్పార్క్‌ను ఇంజిన్‌తో పాటు తిరుగుతూ సొంతంగా కరెంట్ పుట్టించే మాగ్నెటోలు ఇస్తాయి. బ్యాటరీ చచ్చినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. కంప్యూటర్‌తో నడిచేవి కావాలంటే 2012లో వచ్చిన రోటాక్స్ 912 ఐఎస్ లాంటివి ఉన్నాయి.

దీనికీ తిట్లు ఉన్నాయి. రోళ్లు పగిలే ఎండలో ఇంజిన్ ఆపితే, సిలిండర్ల మీది సన్న పైపుల్లో పెట్రోల్ ఉడికి ఆవిరైపోతుంది. మళ్లీ స్టార్ట్ చేయబోతే స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ఒక్కసారి అందుకుని చచ్చిపోతుంది, పక్కన ఇన్‌స్ట్రక్టర్, వెనక లైన్లో ఇంకో విమానం, ఒకటే టెన్షన్. పెట్రోల్ పాలు పెంచి తగ్గించే మిక్స్చర్ నాబ్ పూర్తిగా వెనక్కి పెట్టి, థ్రాటిల్ కాస్త తెరిచి తిప్పుతూ, అందుకున్న క్షణంలో మిక్స్చర్‌ను మెల్లగా ముందుకు తోయడం చేతికి అలవాటు కావాలి. నాజిల్ రంధ్రాలు సన్నం, నలుసు పడినా కష్టమే. ఎగిరే ముందు 13 చోట్ల పెట్రోల్ శాంపిల్ తీసి నీళ్లు, చెత్త ఉన్నాయేమో చూడాలి, విసుగొచ్చినా వదలకండి.

అయినా నా ఓటు ఇంజెక్షన్‌కే. దాని మొండితనమంతా చక్రాలు నేల మీద ఉన్నప్పుడే, కాసేపు చల్లారనిచ్చి మళ్లీ ప్రయత్నించొచ్చు. కార్బొరేటర్ మాత్రం పవర్ తగ్గించి దిగుతున్నప్పుడు, కింద ఎత్తు లేనప్పుడు ఇబ్బంది పెడుతుంది.

డబ్బు దగ్గర మాత్రం 152దే పైచేయి, మామూలుగా గంట రేటు తక్కువ. ఇంట్లో అప్పు చేసి పంపుతుంటే దానిలోనే చేరండి, తప్పేం లేదు, కానీ దిగే ప్రతిసారీ కార్బ్ హీట్ ఎప్పుడు లాగాలో నేర్పించే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడో లేదో అక్కడి స్టూడెంట్లను అడిగి తెలుసుకోండి. 172ఎస్‌లో మే నెలలో చేరేవాళ్లు పొద్దున మొదటి స్లాట్ కోసం పట్టుబట్టండి.