పిల్లల థెరపీకి ఏది మేలు: ప్రైవేటు సెంటరా, జిల్లా ఆసుపత్రా, సికింద్రాబాదా?

నెలలు నిండకుండా పుట్టిన మా అబ్బాయికి ఏడాదిన్నర వయసులో స్పాస్టిక్ డైప్లీజియా (ముఖ్యంగా కాళ్ల కండరాలు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు కలిగిన హాని వల్ల కదలికలు కుదరని స్థితి) అని తేలిన రోజున, డాక్టర్ గారు చీటీ మీద ఫిజియో, ఓటీ, స్పీచ్ అని మూడు మాటలు రాసి ఇచ్చారు. ఫిజియో కదలికల కోసం, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) తినడం వంటి రోజువారీ పనుల కోసం, స్పీచ్ మాట కోసం. ఎక్కడ చేయించాలో మాత్రం రాయలేదు. మాది హైదరాబాదుకు బస్సులో రెండున్నర గంటల దూరంలో ఉన్న ఊరు. మా ముందు మూడు దారులు ఉన్నాయి: ఊళ్లోని ప్రైవేటు థెరపీ సెంటర్, జిల్లా ఆసుపత్రిలోని ప్రభుత్వ కేంద్రం డీఈఐసీ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలు. నాలుగేళ్లలో మూడింటినీ చూశాం. మూడు థెరపీలకూ కలిపి ఒకే చోటును వెతకడమే మేము చేసిన మొదటి పొరపాటని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే ఫిజియోకు అనువైన చోటు స్పీచ్‌కు అనువుగా లేదు, స్పీచ్‌కు సరిపోయిన పద్ధతి ఓటీకి పనికిరాలేదు.

ప్రైవేటు సెంటర్‌లో సౌకర్యానికి లోటు లేదు. మూడు థెరపీలూ ఒకే కప్పు కింద జరుగుతాయి, సాయంత్రం వేళలు దొరుకుతాయి, ఉయ్యాల, పెద్ద బంతి, గోడకు బిగించిన నిచ్చెన వంటి సామగ్రి అంతా ఉంటుంది. 45 నిమిషాల సెషన్‌కు 600 రూపాయలు తీసుకునేవారు. ఒక్కో థెరపీ వారానికి రెండుసార్లు చొప్పున ఆరు సెషన్లు, అంటే నెలకు 14,400 రూపాయలు. ఎనిమిది నెలలు అలాగే కట్టాం. అక్కడ తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. తలుపు వేసేస్తారు, నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను, వాడు ముంజేతి మీద నక్షత్రం స్టిక్కరుతో బయటికి వస్తాడు, "ఈరోజు బాగా చేశాడండీ" అన్న ఒక్క మాటతో ఆ పూట ముగుస్తుంది. ఒకనాడు తలుపు సందులోంచి చూశాను. పెగ్ బోర్డు ముందు కూర్చోబెట్టి, వాడి చేతిని తన చేతిలో పట్టుకుని, పుల్లలన్నీ థెరపిస్టే గుచ్చిస్తోంది. ఇంటికి వచ్చాక పెరుగన్నం ముద్దను నోటిదాకా తెచ్చుకోలేక వాడు ఎప్పటిలాగే ఒళ్లంతా పోసుకున్నాడు. ఆ రోజే నాకు అనుమానం మొదలయింది.

డీఈఐసీ అంటే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాలలో ఏర్పాటు చేసిన సత్వర చికిత్సా కేంద్రం. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం ఉన్న పిల్లలకు అక్కడ సేవలు ఉచితం. ఉచితం కనుక నాసిగా ఉంటుందన్న అభిప్రాయంతోనే మేము చాలాకాలం అటు వెళ్లలేదు, అది మా తెలివితక్కువతనం. ఆసుపత్రి ఆవరణలోనే ఉండడం వల్ల స్పీచ్ మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష చేశారు, కళ్లు చూశారు, తుంటి ఎక్స్‌రే తీయించారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు తుంటి కీలు నెమ్మదిగా పక్కకు జారే ప్రమాదం ఉంటుందని, నొప్పి మొదలయ్యేలోగానే ఎక్స్‌రేలో కనిపెట్టాలని ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా మాకు ప్రైవేటు సెంటర్‌లో చెప్పలేదు.

డీఈఐసీలోని ఫిజియో మేడం మొదటి రోజే నన్ను వాడితోపాటు చాప మీద కూర్చోబెట్టి, "అమ్మా, మీరు చేయండి, నేను చూస్తాను" అన్నారు. వాడిని లేపి నిలబెట్టడానికి నేను చంకల కింద పట్టుకోబోతే చేతులు తీయించి, "మంచం పట్టె పట్టుకుని వాడే లేవాలి, మీరు మోకాలి దగ్గర ఆసరా మాత్రమే" అని నా అరచేతిని ఆ చోట పెట్టి చూపించారు. వాడు మోకాళ్లు లోపలికి, పాదాలు బయటికి పెట్టి కూర్చునే అలవాటు మాన్పించి, చిన్న పీట మీద కూర్చోబెట్టమన్నారు. లోటు లేకపోలేదు. పదిహేను రోజులకు ఒకసారి మాత్రమే వంతు వచ్చేది, పొద్దుటి వేళ తప్ప వీలయ్యేది కాదు, ఓటీ నిపుణులు మా జిల్లాలో లేరు. అయినా ఫిజియో వరకు నేను డీఈఐసీకే ఓటు వేస్తాను.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద చెబుతున్న మాట కాదు. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్ బృందం సెరిబ్రల్ పాల్సీ చికిత్సల మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టి, 2013లోనూ మళ్లీ 2020లోనూ ట్రాఫిక్ దీపాల రంగుల్లో విడదీసి చూపింది. పిల్లవాడు ఒక లక్ష్యం కోసం తానే చేసే అభ్యాసానికి, నిపుణుల సలహాతో ఇంట్లో సాగే కార్యక్రమానికి ఆకుపచ్చ రంగు దక్కింది. ఇతరులు పట్టుకుని కదిలించే పద్ధతులకు అంతటి ఆధారం కనిపించలేదు. కెనడా పరిశోధకులు 2002లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఈ పిల్లలు తమకు సాధ్యమయ్యే కదలికల్లో సుమారు 90% ఐదేళ్లలోపే అందుకుంటారు కనుక, పెద్ద సంస్థలో వంతు వచ్చేదాకా ఆగుదామనుకోవడం కూడా సరికాదు.

ఇక సికింద్రాబాద్. మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా 1984లో మొదలై ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అయిన సంస్థ, వాక్కు, వినికిడి సమస్యల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, రెండూ మనోవికాస్ నగర్‌లోనే ఉన్నాయి. పరిశీలన లోతుగా చేస్తారు, ఇంటి దగ్గర ఏం చేయాలో ప్రణాళిక రాసి ఇస్తారు. వారం వారం వెళ్లడానికి మాత్రం మా వంటివారికి అది చోటు కాదు. తెల్లవారుజామున ఐదు గంటల బస్సుకు బయలుదేరితే, వంతు వచ్చేసరికి వాడు నా భుజం మీద నిద్రపోయేవాడు. అందుకని మూడు, నాలుగు నెలలకోసారి మాత్రమే వెళుతున్నాం.

స్పీచ్ విషయంలో భవనం కన్నా భాష ముఖ్యం. వాడు "కాకి"ని "తాతి" అనేవాడు, ఆ మాట విని మా మామయ్య తనను పిలుస్తున్నాడనుకుని మురిసిపోయేవారు. మొదట చూసిన థెరపిస్టు, పిల్లవాడు గందరగోళపడతాడు కనుక ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడమన్నారు. మా అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. వాడితో రోజంతా గడిపేది ఆవిడే కనుక నెలరోజులు ఇల్లు మూగబోయింది. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, ఇంటి భాషను ఆపనక్కర్లేదని తర్వాత సికింద్రాబాద్‌లో చెప్పారు. కాబట్టి తెలుగులో పని చేయగలిగి, భారత పునరావాస మండలి నమోదు ఉన్న బీఏఎస్‌ఎల్‌పీ (వాక్కు, వినికిడి చికిత్సలో డిగ్రీ) నిపుణులైతే ఆన్‌లైన్‌లో అయినా ఫరవాలేదు. మాకు రెండు వారాలకొక వీడియో సెషన్ సరిపోతోంది, ఫోను ముందు కూర్చునేది అత్తయ్యే.

సెంటర్‌కు వెళ్లి డబ్బు పెట్టదగినది ఓటీ ఒక్కటే అని నా నిర్ణయం. చేతి స్ప్లింటు (ఆసరాగా కట్టే పట్టీ) కొలత, కుర్చీ ఎత్తు, పిడి లావుగా ఉన్న చెంచా వంటివి ఫోనులో తేలేవి కావు. సెంటర్ మార్చాం, నేను గదిలోనే ఉంటానన్న షరతు మీద చేరాం. కొత్త థెరపిస్టు పెగ్ బోర్డు తీయలేదు, మరుసటిసారి రెండు ఇడ్లీలు, చట్నీ తెమ్మంది. ఒక చేత్తో పళ్లెం పట్టుకుని రెండో చేత్తో ముక్క తుంచడం ఆ వారానికి పాఠం.

ఇప్పుడు ఓటీ వారానికి ఒకటి, స్పీచ్ నెలకు రెండు, కలిపి నెలకు 3,600 రూపాయలు అవుతోంది, ఇదివరకు అది ఒక్క వారం ఖర్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది, థెరపీ ఖర్చుకు అందులో వేరే పరిమితి ఉంటుంది, రసీదులు దాచుకోవాలి. పాత పన్ను విధానంలో ఉండి వైకల్యం ఉన్నవారిని పోషించే కుటుంబానికి (1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 80డీడీ), వైకల్యం 40% లేదా అంతకు మించి ఉంటే 75,000 రూపాయలు, 80% లేదా అంతకు మించితే 1,25,000 రూపాయలు మినహాయింపు వస్తుంది. బడి వయసు వచ్చాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రాన్ని కూడా అడగవచ్చు. ఎక్కడ చేరినా మూడు నెలల ప్యాకేజీ సొమ్ము ముందే కట్టవద్దు. నాలుగు సెషన్లు గదిలో కూర్చుని చూసి, ఇంట్లో చేయవలసింది మీ చేత చేయించి చూపనివారి దగ్గర ఐదోదానికి వెళ్లవద్దు.