మా పేటలోని చైనీస్ బఫే: పదకొండేళ్ల తరువాత

కొలంబస్ నగర శివారులో, మా ఇంటికి మైలున్నర దూరంలో, ఒక లాండ్రీకీ మందుల దుకాణానికీ నడుమ చిన్న చైనీస్ బఫే హోటలు ఉంది. మేము ఒహాయోకు వచ్చింది 2014 జనవరిలో. ధ్రువప్రాంతపు గాలులు దిగివచ్చి సగం అమెరికాను గడ్డకట్టించిన వారం అది. వంటసామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది, పిల్లలు ఆకలంటున్నారు. కారులో బయలుదేరితే మొదట కనిపించిన దీపం ఈ హోటలుదే. ఆ రాత్రి తాగిన పులుపూ కారమూ కలిసిన సూపు మన మిరియాల చారుకు దూరపు చుట్టంలా అనిపించింది. అప్పటి నుంచి నెలకు రెండుసార్లకు తగ్గకుండా వెళ్తూనే ఉన్నాం.

నా మాట విని వెళ్లివచ్చిన ఇద్దరు ముగ్గురు మిత్రులు "అంత బాగుందన్నారు, మాకేమీ నచ్చలేదండీ" అన్నారు. వాళ్లందరినీ నేను అడిగింది ఒక్కటే, ఎన్ని గంటలకు వెళ్లారని. అందరూ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో వెళ్లినవారే. అందుకే ఈ హోటలు గురించి రాయాలనుకున్నప్పుడు ముందుగా ఆ వేళ సంగతే చెప్పాలనిపించింది.

లోపల నాలుగు వరుసల ట్రేలు ఉంటాయి. మూడింటిలో వేడి వంటకాలు, ఒకదానిలో పండ్లు, సలాడ్, తీపి పదార్థాలు. అన్నీ కలిపి నలభై రకాలకు మించవు. హైవే పక్కన రెండు వందల రకాలు పెట్టే పెద్ద బఫేలకు అలవాటుపడినవారికి ఇది వెలితిగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఈ చిన్నతనమే నచ్చింది. ట్రేల కింద వేడినీళ్ల తొట్టెలు ఉంటాయి, వాటి ఆవిరితో వంటకం వెచ్చగా ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆహార నియమావళి ప్రకారం వేడి పదార్థం 135 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 57 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడకూడదు. తినేవారి క్షేమానికి ఆ వేడి చాలు, రుచికి మాత్రం సరిపోదు. మొక్కజొన్న పిండి పూసి వేయించిన చికెన్ ముక్క ఆ ఆవిరిలో పావుగంట ఉంటే కరకరలాడటం మానేస్తుంది. అరగంట దాటితే సాసు మీద మీగడలాంటి పొర కడుతుంది. బ్రొకోలీ ఆకుపచ్చ రంగు పోయి చింతాకు ఎండినట్టు అవుతుంది. అందుకని ఎన్ని రకాలు ఉన్నాయన్నది నేను లెక్కపెట్టను. ఒక ట్రే ఎంతసేపటికి ఖాళీ అవుతుందో, ఖాళీ అయితే ఎంతసేపటికి నిండుతుందో గమనిస్తాను. ఇక్కడ ఏ ట్రేనూ సగానికి మించి నింపరు. జనం ఉన్న వేళలో పది నిమిషాలకొకసారి వంటగది తలుపు తెరుచుకుంటుంది.

వెల్లుల్లి బీన్స్ సంగతి చెబుతాను. ఇవి నాకు ఎంత ఇష్టమంటే, వీటికోసమే వెళ్లిన రోజులు ఉన్నాయి. ట్రే అడుగు కనబడగానే యజమానురాలు వంటగదివైపు ఒక కేక వేస్తారు. గాజు కిటికీలోంచి చూస్తే వంటవాడు మొదట బీన్స్‌ను కాగిన నూనెలో ఒక్క నిమిషం ముంచి తీస్తాడు. వాటి తోలు అక్కడక్కడా పొంగి ముడతలు పడుతుంది. తరువాత పెద్ద ఇనుప బాణలిలో, అంచులు దాటి వచ్చే మంట మీద, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, సోయా సాస్ వేసి నాలుగుసార్లు ఎగరేస్తాడు. అంతా కలిపి మూడు నిమిషాల పని. ట్రేలో పడినప్పుడు అవి ఇంకా చిటపటమంటూనే ఉంటాయి. పటకారుతో తీసుకుని బల్ల దగ్గరకు వచ్చేలోపలే ఒకటి కొరికి చూడండి. పైన ముడత, లోపల పసరు ఆరని పచ్చిదనం, నాలుక చివర కాస్త పొగ వాసన. మన ఇంటి పొయ్యి మీద ఎంత ప్రయత్నించినా ఆ పొగ వాసన రాదు, ఆ మంట మన దగ్గర లేదు. ఇవే బీన్స్ ముప్పావుగంట తరువాత తింటే ఉడికిన గోరుచిక్కుడులా మెత్తగా ఉంటాయి. మిత్రులు తిన్నవి అవే.

కాబట్టి ఉదయం పదకొండున్నరకు తలుపులు తీయగానే వెళ్లండి. లేదా శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు, ఆదివారం చర్చిలు వదిలాక పన్నెండున్నరకు వెళ్లండి. కూర్చోవడానికి పది నిమిషాలు ఆగవలసి వచ్చినా ఫరవాలేదు, ఆ రద్దీయే ట్రేలను కొత్తగా ఉంచుతుంది. రెండున్నర నుంచి నాలుగున్నర దాకా మాత్రం వద్దు. మూడున్నర లోపు వెళ్తే మధ్యాహ్నపు ధర పడుతుందని చూసుకుని చాలామంది సరిగ్గా అప్పుడే వెళ్తారు.

మాంసాహారుల్లో ఎక్కువమంది మొదట వెళ్లేది జనరల్ సో చికెన్ దగ్గరకే. ఎర్రగా, తియ్యగా, కాస్త కారంగా ఉంటుంది. చైనాలోని హునాన్‌కు చెందిన పెంగ్ చాంగ్-క్వే అనే వంటవాడు 1950లలో తైవాన్‌లో దీన్ని తయారుచేశాడు, అప్పట్లో తీపి లేదు. అమెరికాకు వచ్చాకే పంచదార చేరింది. చైనాలో పుట్టిపెరిగిన మా హోటలు యజమానురాలు దీన్ని మొదటిసారి చూసింది న్యూయార్క్‌లోనేనట. మన వీధిబండి మీద దొరికే మంచూరియాదీ ఇలాంటి కథే. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చేతిలో పుట్టిన వంటకానికి మంచూరియా ప్రాంతంతో ఏ చుట్టరికమూ లేదు. అయినా సాయంత్రం పూట బండి దగ్గర నిలబడి తిన్న ఆ రుచిని వెతుక్కుంటూ ఈ హోటలుకు వస్తే నిరాశ తప్పదు. ఇక్కడ పచ్చిమిర్చి ఘాటు లేదు, కొత్తిమీర లేదు. ఇది వేరే ఊరి వంట, దాని రుచి దానికి ఉంది. నాకు జనరల్ సో కంటే ఉప్పూ మిరియాలూ చల్లిన రొయ్యలు నచ్చుతాయి. పెంకుతోనే వేయిస్తారు, పెంకుతోనే తినవచ్చు. క్రాబ్ రంగూన్ అని ఇంకొకటి ఉంటుంది, మైదా పొరలో క్రీమ్ చీజ్ పెట్టి వేయించినది. మా తాతగారి తరంలో బర్మా వెళ్లినవారిని రంగం వెళ్లాడు అనేవారు. ఆ పేరు చూసి ఆశగా తిన్నాను. తీరా చూస్తే అది అమెరికాలో పుట్టినదే, పిల్లలకు బాగా నచ్చుతుంది.

శాకాహారుల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే మాకు దెబ్బ తగిలింది. 2016 వేసవిలో మా అత్తగారు వచ్చారు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని మనిషి. కూరగాయల ఫ్రైడ్ రైస్ అని చీటీ ఉన్న ట్రేలోంచి నేనే వడ్డించి తెచ్చాను. నాలుగు ముద్దలు తిన్నాక "ఏమమ్మా, ఈ ఎర్రముక్క క్యారెట్టేనా?" అన్నారు. కాదు, పంది మాంసం. ట్రే మార్చినవారు చీటీ మార్చలేదు. ఆవిడ చెంచా కింద పెట్టి, లేచి వెళ్లి నోరు కడుక్కుని వచ్చి, మౌనంగా కూర్చున్నారు. ఆ రాత్రి కూడా ఏమీ తినలేదు. నేను కౌంటర్ దగ్గరకు వెళ్లి చెబితే, "కొంచెమే కదా, తీసేసి తినండి" అన్న జవాబు వచ్చింది. అంత బాధ నాకు ఆ హోటలులో మళ్లీ ఎప్పుడూ కలగలేదు. రెండు నెలలు అటువైపు వెళ్లలేదు.

తరువాత ఒకరోజు ఒక్కదాన్నే వెళ్లి, యజమానురాలితో కూర్చుని మాట్లాడాను. శాకాహారం అంటే మాంసం ముక్కలు తీసేయడమని ఆవిడ అనుకున్నారు. ఎలా చెప్పాలో తెలియక, చివరకు "మీ బౌద్ధ గుడిలో వండే భోజనంలాంటిది" అన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది. చైనా బౌద్ధుల నిరామిష భోజనంలో ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు, మన పూజల వంటలాగే. వాళ్ల అమ్మగారు నెలలో రెండు రోజులు అలాగే తినేవారట. అప్పుడు తనంతట తానే వంటగదిలోకి తీసుకెళ్లి చూపించారు. కూరగాయల సాసుల్లో సగానికి ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల రసంతో చేసే సాసు, పడుతుంది. బీన్స్ తప్ప మిగతా కూరగాయలకు చికెన్ ఉడికించిన నీళ్లు పోస్తారు. స్ప్రింగ్ రోల్స్, రొయ్యలు, బీన్స్ వేగేది ఒకే నూనెలో. అంటే బీన్స్ కూడా పూర్తి నిష్ఠ పాటించేవారికి పనికిరావు. ఆ రోజు నుంచి మా అత్తగారు వస్తున్నారంటే ముందుగా ఫోను చేస్తాను. కడిగిన బాణలిలో టోఫు (సోయా పన్నీరు), బ్రొకోలీ, పుట్టగొడుగులు సోయా సాస్‌తో విడిగా చేసి, తెల్లన్నంతో బల్ల దగ్గరకే తెచ్చి పెడతారు. అదనంగా ఏమీ తీసుకోరు. చీటీలు మాత్రం ఈనాటికీ నమ్మదగినవి కావు, అడిగి తినండి. గొడ్డు మాంసం తిననివారు కూడా గోధుమరంగు సాసులో ఉన్న ప్రతి ముక్క గురించీ అడగాలి, చూస్తే తేడా తెలియదు.

మూడు గంటలకు వంటకాలు ఎందుకు పాతబడతాయో నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. అది వాళ్లు తినే వేళ. యజమాని దంపతులు, ఇద్దరు వంటవాళ్లు, పళ్లేలు తీసే అబ్బాయి, అందరూ వెనకాల ఉన్న గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుంటారు. ఉదయం తొమ్మిదింటి నుంచి నిలబడే ఉన్నవారు వాళ్లు. ఆ బల్ల మీద బఫేలో ఉన్నదేదీ కనిపించదు. అల్లం వేసి ఆవిరి మీద ఉడికించిన చేప, ఏదో ఒక ఆకుకూర, పలుచటి సూపు, తెల్లన్నం. వాళ్లది ఫుజియన్ రాష్ట్రంలో ఫుజౌ దగ్గర పల్లె. అమెరికాలో ఇలాంటి బఫేలు నడిపేవారిలో చాలామంది ఆ ప్రాంతం నుంచి వచ్చినవారే. న్యూయార్క్ చైనాటౌన్‌లో పని వెతికిపెట్టే ఏజెన్సీ గదిలో నిలబడి, అక్కడి నుంచి బస్సెక్కి, తెలియని ఊళ్లో హోటలు వెనక గదిలో పడుకుని పనిచేసిన ఏళ్లను ఆవిడ ఒకసారి చెప్పారు. ఈ హోటలు వాళ్లు కొన్నది ఆ తరువాత పదేళ్లకు.

2018లో మా అత్తగారు రెండోసారి వచ్చినప్పుడు ఆ గుండ్రటి బల్ల మీద పళ్లెం చూసి "అది బీరకాయే కదమ్మా!" అన్నారు. నిజమే, వెల్లుల్లి వేసి వేయించిన బీరకాయ. యజమానురాలు చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చారు. మా అత్తగారు రుచి చూసి, చెక్కిన తొక్కలు ఏం చేస్తారని నా చేత అడిగించారు. పారేస్తారట. "అయ్యో, పారేయకండమ్మా" అని ఆ తొక్కలు ఒక డబ్బాలో పెట్టించుకుని ఇంటికి తెచ్చి, మరునాడు పచ్చడి చేసి పంపారు. యజమానురాలు తెల్లన్నంలో కలిపి మొదటి ముద్దకే దగ్గి నీళ్లు తాగారు, మళ్లీ కలుపుకున్నారు. ఇప్పుడు ప్రతి వేసవిలోనూ నాకోసం తొక్కలు కవరులో పెట్టి ఫ్రిజ్‌లో దాచి ఉంచుతారు.

2020 మార్చిలో ఒహాయోలో హోటళ్లలో కూర్చుని తినడం ఆపేశారు. బఫేకు అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు, పదిమంది ఒకే గరిటె పట్టుకునే చోటు కదా. చాలా నెలలు వాళ్లు పొట్లాలు కట్టి ఇస్తూ నెట్టుకొచ్చారు. మేము వారానికొకసారి తప్పకుండా తెచ్చుకున్నాం. డబ్బాలో పెట్టుకుని తూకానికి కొనే పద్ధతి అప్పుడు బలపడి ఇంకా ఉంది. ఇద్దరే ఉన్న ఇంటికి అది మంచి బేరం. సూపు, సాసు ఎక్కువున్నవి తూకంలో దండగ. బీన్స్, నూడుల్స్, వేయించిన రొయ్యలు తీసుకుని అన్నం ఇంట్లో వండుకుంటే సరిపోతుంది.

మేము మొదట వెళ్లినప్పుడు మధ్యాహ్నం ఏడున్నర డాలర్లు, ఇప్పుడు పదమూడు. రాత్రి పదిహేడు. పిల్లలకు వయసును బట్టి తగ్గిస్తారు, మంచినీళ్లు, వేడి టీ తప్ప తక్కిన పానీయాలకు విడిగా తీసుకుంటారు. సుషీ తినకండి, అన్నం గట్టిపడి ఉంటుంది. పిజ్జా, బంగాళాదుంప వేపుడు పిల్లలకోసం పెట్టినవి, పెద్దలు వాటితో కడుపు నింపుకోనక్కరలేదు. పంచదారలో దొర్లించిన చిన్న డోనట్లు మాత్రం వేడిగా వచ్చినప్పుడు ఒకటి తినండి. కార్పెట్ పాతది, కిటికీ పక్క బల్లలు చలికాలంలో చల్లగా ఉంటాయి. మరుగుదొడ్లు శుభ్రంగానే ఉంటాయి.

బఫేకు టిప్పు ఎందుకని కొందరు అడుగుతారు. మనం లేచి వెళ్లిన ప్రతిసారీ ఎంగిలి పళ్లెం తీసి, బల్ల తుడిచి, టీ నింపేది ఆ అబ్బాయే. మేము పదిహేను శాతం ఇస్తాం.

గత ఆదివారం వెళ్లినప్పుడు బీన్స్ ట్రే అడుగంటి ఉంది. నేను పటకారు పట్టుకుని నిలబడితే యజమానురాలు దూరం నుంచే చేయెత్తి "ఐదు నిమిషాలు ఆగండి" అన్నారు. మూడు నిమిషాల్లోనే తెచ్చారు. మంగళవారం సెలవు.